కోశాక విచ్చుకున్న మొగ్గలు

బావగారికి,

అక్క మంచం పక్కన గ్లాసులో నేను పెట్టి వచ్చిన మొగ్గలు ఆమె పోయిన మర్నాడు విచ్చుకున్నాయని, అది చూసి అమ్మ కూడా లేచి వస్తుందని చిట్టి అంటోందని రాశారు. "పూల చదువు చదివినదానివి, దానికి నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నారు. చెబుతాను గానీ, చల్లని కబురు కాదు.

కోసిన మొగ్గలు విచ్చుకోవడం ల్యాబ్‌లో నేను రోజూ చూసేదే. రేకుకు కావలసిన కణాలు మొగ్గ చిన్నగా ఉన్నప్పుడే దాదాపు అన్నీ తయారైపోతాయి. ఆ తర్వాత ఉన్నవే నీళ్లు తాగి సాగుతాయి. లోపలి వైపు ఎక్కువ సాగుతాయి, బయటి వైపు తక్కువ. అందుకే రేకు వెనక్కి వంగి తెరుచుకుంటుంది. కోసిన కొమ్మకైనా అంతే. అది ప్రాణం తిరిగి రావడం కాదు బావగారూ, ముందే మొదలైన పని పూర్తవడం.

చిట్టి రోజూ గ్లాసులో నీళ్లు మారుస్తోందన్నారే, అక్కడే నా ప్రాణం ఉసూరుమంది. దానికి చెప్పే పని నా మీదికి నెట్టకండి. ఆ రేకులు రాలకముందే దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, అమ్మ ఇక రాదని మీ నోటితోనే చెప్పండి. రాలాక చెబితే, తను నీళ్లు సరిగ్గా మార్చకపోవడం వల్లే అమ్మ రాలేదని జన్మంతా అనుకుంటుంది.

మీ మరదలు