నాన్న స్టేజీ మీద చీర కట్టే ముందు రోజు నా ఆస్తి పంపకం

మన్సూరాబాద్‌లో కిరాయి ఇంట్లో ఉంటూ పదో తరగతి చదువుతున్న సౌజన్య అను నేను, తండ్రి పేరు బ్రహ్మం, ఎవరి బలవంతమూ లేకుండా, బాత్రూంలో గడియ పెట్టుకుని, పూర్తి తెలివితో రాస్తున్న వీలునామా. తెలివి ఉంది, ధైర్యమే లేదు. మైనర్ రాస్తే చెల్లదని గూగుల్ చెప్పింది. కాబట్టి ఎవరూ కోర్టుకు పోవద్దు.

మరణ కారణం: స్కూల్లో రేపటి ఎథ్నిక్ డే, అంటే అందరూ సంప్రదాయ బట్టలేసుకునే రోజు. మా నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో సేల్స్‌మన్. చీర గురించి నోటితో చెప్పడు. ప్యాంటు మీదనే కట్టుకుని, కుచ్చిళ్లు పెట్టి, పైట వేసుకుని నిలబడతాడు, మీసంతో సహా. మా ప్రిన్సిపల్ మేడం అక్కడ చీర కొని, ఆ రోజు స్కూలుకు వచ్చి స్టేజీ మీద పిల్లలకు చీర కట్టడం నేర్పమంది. ఈయన "ఒస్త మేడం, నా బిడ్డ గూడ మీ స్కూలే" అన్నాడట. స్కూల్లో నేను నాన్నది 'టెక్స్‌టైల్స్' అని మాత్రమే చెప్పి ఉన్నాను. రేపు సిగ్గుతో పోవడం ఖాయం.

1. నా ఇయర్‌ఫోన్స్ నాయనమ్మ లింగమ్మకు. ఎడమది ఒక్కటే పనిచేస్తుంది. ఆమెకు వినపడేదీ ఎడమ చెవే.

2. నా చదువు టేబుల్ అమ్మకు. ఎట్లాగూ దాని మీద ఉతికిన బట్టలే ఉంటాయి.

3. పిక్నిక్‌కని ఫ్రెండ్ స్పందన తీసుకుపోయి ఇయ్యని నా డెనిమ్ జాకెట్టును ఆమె పేరునే రాస్తున్నాను. ఇప్పటికైనా అది నాదని ఒప్పుకోవాలి.

4. నా యూనికార్న్ కప్పు కొండల్ తాతకు. షాపులో నాన్నకు పని నేర్పింది ఆయనే. పోచంపల్లి నుంచి కొత్తగా వచ్చినప్పుడు నాన్న చీర చుట్టుకోమంటే సిగ్గుపడి స్టాకు రూంలో దాక్కున్నాడట. తాత తిట్టలేదు. గులాబీ రంగు చీర కట్టుకుని, రోడ్డు దాటి చాయ్ తాగి వచ్చాడు. తెల్లారి నాన్న కట్టుకున్నాడు.

5. నాన్నకు ఏమియ్యాలో తెలుస్తలేదు. ఎవరైనా షాపంతా విప్పించి ఏమీ కొనకుండా లేచినా "మళ్ల రా అక్కా" అంటాడు, ఒక్కో చీరను పాత మడత మీదనే మడుస్తాడు. మనుషులను చిన్నచూపు చూడొద్దని నాకెప్పుడూ క్లాసు పీకలేదు. నాయనమ్మ కర్మన్‌ఘాట్ గుడికి రమ్మంటే రాడు. ఆమే మళ్లీ అంటుంది, "వాని పూజంత దుకాణంలనే అయితది తియ్."

6. రేపు నాన్న పక్కన చీర కట్టించుకోవడానికి ఎవరొస్తారని అడిగితే క్లాసులో ఎవరూ చెయ్యెత్తలేదు. ఇంటర్వెల్‌లో నేను రహస్యంగా ఆఫీసుకు పోయి నా పేరిచ్చాను. ఎందుకని నన్నడగొద్దు, నా కాళ్లనడగాలి. స్టేజీ మీద కుచ్చిళ్లు తొక్కి పడి చస్తే తప్పు నా నడకది. నాన్న పెట్టిన కుచ్చిళ్లది కాదు.

ఒకవేళ బతికితే ఈ కాగితం రద్దు, ఇయర్‌ఫోన్స్ వాపసు ఇయ్యాలి. రోజూ నాన్నను స్కూలు సందు మూలమీదనే బండి ఆపమంటాను. రేపు మాత్రం మెయిన్ గేటు దగ్గరనే ఎక్కుతాను. ఆయన చీర విప్పడం మర్చిపోయినా సరే.

తేదీ: 12 డిసెంబర్ 2025, శుక్రవారం

సంతకం: సౌజన్య (ఇంకా సెట్ కాలేదు)

సాక్షులు:
1. లింగమ్మ, వేలిముద్ర. రేషన్ కార్డుకా అని అడిగితే తల ఊపాను.
2. స్పందన. పైన చెయ్యి అడ్డం పెట్టి సంతకం చేయించాను. జాకెట్టు సంగతి తెలియదు.