కుడి ఇండికేటర్

తమ్ముడూ,

నీ పరిహారం కేసులో నిన్న బీమా వకీలు, "ఇండికేటర్ వేయకుండానే కుడివైపు తిరిగాడు. తప్పు చనిపోయినతనిదే, బస్సుది కాదు" అన్నాడు. గల్లీలో కుక్క కూడా లేనప్పుడు సైతం నువ్వు ఇండికేటర్ వేసి తిరిగేవాడివి. నేను నవ్వేదాన్ని.

ఇన్నాళ్లూ చూడలేక స్టేషన్‌లోనే వదిలేసిన నీ బండి కోసం ఈ సాయంత్రం వెళ్ళాను. కానిస్టేబుల్ గేటు దగ్గరే ఆగిపోయాడు.

"అక్కా, దాంట్ల బ్యాటరీ ఎన్నడో తీసేసిన్రు. అయినా పొద్దుమీకితే గట్లనే కొట్టుకుంటది. జర జల్ది తీస్కపో."

తుప్పు పట్టిన బండ్ల మధ్య నీ కుడి ఇండికేటర్ వెలుగుతూ ఆరుతోంది.

మన వకీలుకు ఫోన్ చేసి చెప్పాను. "గిది కోర్టుల చెప్తే నవ్వుతరమ్మా" అన్నాడు.

నేను సీటు మీద చెయ్యి వేసి, "నువ్వు ఏసినవ్ రా, నాకెర్కే. ఇగ ఇంటికి పోదాం పా" అన్నాను. ఆరిపోయింది.

టైర్లలో గాలి లేదు. అయినా ఎవరో వెనక నుంచి నెడుతున్నట్టు బండి తేలిగ్గా కదిలింది. కొండాపూర్ దాకా చీకట్లోనే నడిపించుకొచ్చాను.

కుడివైపు మన గల్లీ రాగానే మళ్ళీ వెలిగింది.