పాస్టరుగారి పలక

ఫిబ్రవరి 4

చిరంజీవి బుజ్జమ్మకు,

పెదనాన్న ఆశీర్వదించి రాసేది. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం, నా ఎడమ కన్ను తప్ప. అది క్షేమమూ కాదు, జబ్బూ కాదు. ఆఫీసులో ముసలి గుమాస్తాలాగా ఉన్నచోటే ఉంది, పని మాత్రం చేయడం లేదు. కంటి సంగతి తర్వాత.

మొన్న మన మిషన్ కమిటీ కూర్చుంది. నీకు తెలుసుగా, కమిటీ రాతకోతలన్నీ నావే. అచ్చాఫీసులో ముప్ఫై ఆరేళ్లు ఇతరుల తప్పులు దిద్దినవాడికి ఈ పని అప్పగించకూడదు. మొన్న మందుల షాపాయన "మనమందరం కలిసికట్టుగా, ఏకమై, ఐక్యంగా" అన్నాడు. మూడింట్లో రెండు కొట్టేసి రాసుకున్నాను. అది చూసినప్పటినుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు.

అసలు విషయానికి వస్తాను. ఒక సభ్యుడు తీర్మానం పెట్టాడు, మీ కుటుంబాన్ని వెనక్కి పిలిపించాలని. పేరు చెప్పడం పద్ధతి కాదు. ఆయన వాదన ఇది: మీరు ఆ దేశం వెళ్లి మూడేళ్లయింది. ముగ్గురు పిల్లలు, ఒక డిస్పెన్సరీ, ఒక బడి, ఒక పాత వ్యాను ఉన్న ఇంటినుంచి మూడేళ్లుగా ఒక్క ఫిర్యాదు లేదు. ప్రతి ఉత్తరంలోనూ "అంతా బాగుంది, దేవునికి స్తోత్రం." ఏ ఇంట్లోనైనా అంతా బాగుంటుందా? ఏదో దాస్తున్నారు, అని.

అధ్యక్షురాలు హెడ్‌మిస్ట్రెస్ అమ్మగారు చివరికి ఇలా తేల్చారు. జూన్ ఇరవైన నిర్ణయం. అంతలోపు అల్లుడు తన ఆదివారం ప్రసంగం ఒకటి, స్వయంగా తన గొంతుతో, క్యాసెట్‌లో పట్టి పంపాలి. అది విన్నాక మిమ్మల్ని అక్కడే ఉంచాలో పిలవాలో చూస్తారు.

పళ్లు తోముకుంటూ కూడా మాట్లాడే మనిషి మన అల్లుడు. కాబట్టి నాకు దిగులేమీ లేదు. వెంటనే పంపమను. దిగులు లేదు కానీ వెంటనే పంపమను.

ఇట్లు,
మీ క్షేమం కోరే పెదనాన్న

తా.క. క్యాసెట్ ఒక వైపే నింపమను. పోయినసారి రెండో వైపు మొదలయ్యేసరికి మందుల షాపాయన కుర్చీలోంచి జారాడు.


ఫిబ్రవరి 25

పూజ్యులు పెదనాన్నగారికి,

మీ బుజ్జమ్మ వందనాలతో రాస్తున్నది. ఇక్కడ అంతా బాగుంది, దేవునికి స్తోత్రం.

ఉత్తరాలు రాయడానికి తీరిక లేదంటే మీరు నమ్మరు కనుక మా రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. తెల్లారాక పంపు గంటసేపే వస్తుంది, ఏడు బిందెలు పట్టాలి. ఆరున్నరకల్లా డిస్పెన్సరీ వరండాలో బెంచీలు నిండిపోతాయి. దగ్గులు, పుళ్లు, చంటిపిల్లలు, ఏ జబ్బూ లేకుండా కాసేపు కూర్చుని పోదామని వచ్చే ఒక ముసలమ్మ. తొమ్మిదికి అవే బెంచీలు ముందుగదిలోకి మోస్తే అది బడి. సాయంత్రం హాల్లోకి మోస్తే ప్రార్థన కూటం. ఈ ఊళ్లో మా బెంచీలు తిరిగినంత మేం తిరగలేదు. వ్యాను సంగతి చెప్పక్కర్లేదు. పోయిన శనివారం పొద్దున శవపేటికను తీసుకెళ్లింది, మధ్యాహ్నం పెళ్లికూతుర్ని తీసుకొచ్చింది. పువ్వులు తీసే సమయం కూడా లేకపోయింది, అవే సరిపోయాయి.

క్యాసెట్ గురించి. టేప్ రికార్డరు మీట నొక్కితే మళ్లీ పైకి లేవడం లేదు, బాగుచేయించాలి. ఆయనకు క్షణం తీరిక లేదు. ఇల్లు మాత్రం ఎప్పుడూ లేనంత ప్రశాంతంగా ఉంది.

పెదనాన్నా, ఒక్కటే అడుగుతున్నాను. మమ్మల్ని పిలిపించకుండా మీరే చూడాలి. ఇక్కడినుంచి పెద్దాస్పత్రి నాలుగు గంటల దూరం. వరండా మూసేస్తే ఆ బెంచీల మీద కూర్చునేవాళ్లు అక్కడిదాకా వెళ్లరు. ఇంట్లోనే ఉండిపోతారు. ఆ తర్వాత ఏమవుతుందో నర్సుని, నాకు తెలుసు. ఆ సభ్యుడు ఎవరో గానీ ఆయనతో ఒకసారి మాట్లాడండి.

ఇట్లు,
మీ బుజ్జమ్మ

తా.క. తాతయ్యా, నేను చిన్నదాన్ని. అమ్మ నన్ను కవరు అంటించమంది. నాన్న అమ్మతో మాట్లాడటం లేదు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఏం కావాలన్నా నా పలక తీసుకుని దానిమీద రాస్తున్నాడు. నా పలక నాకు ఇప్పించు. నేను చెప్పానని చెప్పొద్దు.


మార్చి 18

చిరంజీవి బుజ్జమ్మకు,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే, తలుపేసుకుని చదువుకో. చిన్నదాన్ని ఏమీ అనకు. నా కన్ను అలాగే ఉంది. ఈమధ్య దీపం చుట్టూ ఇంకో దీపం కనిపిస్తోంది. డాక్టరు ఆపరేషన్ అంటున్నాడు, నేను చూద్దాం అంటున్నాను. ఇద్దరిలో చూడగలిగేది ఆయనే అనుకో. ఇంటి ముందు కాలువకు బండ వేశారు. మీ పెద్దమ్మకు మోకాలి నొప్పి తగ్గింది.

ఇక, తల్లీ, నీ మొగుడు నీతో మాట్లాడటం లేదని నాకు తెలిసిపోయింది. సిగ్గుపడాల్సిందేమీ లేదు. పెళ్లైన ఆరో ఏడు మీ పెద్దమ్మ నాతో నలభై ఒక్క రోజులు మాట్లాడలేదు. గొడుగు గురించి. ఆవిడ పుట్టింటివాళ్లిచ్చిన గొడుగును ఊరికి వచ్చిన బోధకుడికి అడక్కుండా ఇచ్చి పంపాను. ఆయన దాన్ని ఏ ఊళ్లో మరిచిపోయాడో ఆయనకే తెలియదు. ఆ నలభై ఒక్క రోజులూ కూరలో ఉప్పు తక్కువైతే నేను గోడకు చెప్పుకునేవాణ్ణి. "తెచ్చిన సరుకుకి అదే ఎక్కువ" అని ఆవిడ తలుపుకు చెప్పేది. మా గోడా తలుపూ చాలా ఓపిక గలవి.

నలభై ఒకటో రోజు వాన పట్టుకుంది. తడుచుకుంటూ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాను. లోపలికి వెళ్లడానికి మొహం చెల్లలేదు. ఆవిడ కిటికీలోంచి చూసి చూసి, "లోపలికి తగలడండి, జ్వరమొస్తే నీళ్లు కాచేది నేనేగా" అంది. అంతకంటే తియ్యటి మాట నేను జన్మలో వినలేదు.

కాబట్టి మొదట నువ్వే మాట్లాడు. ఓడిపోయినట్టు కాదు. ప్రేమను గురించి ఆదివారం గంటసేపు చెప్పి సోమవారం పెళ్లానికి పలక చూపించే పాస్టరు సంగతి ఆ సభ్యుడికి తెలిస్తే మీకు రేపే టిక్కెట్లు కొంటాడు. క్యాసెట్ ఏది?

ఇట్లు,
అన్నం సహించని పెదనాన్న

తా.క. ఇది చదివి మీ పెద్దమ్మ అంటోంది, నలభై ఒకటి కాదు, నలభై మూడట. పైగా గొడుగు గురించి కాదట. ఇచ్చి వచ్చి "గొడుగేగా" అన్నానట, దాని గురించట.


ఏప్రిల్ 8

పూజ్యులు పెదనాన్నగారికి,

అంతా బాగాలేదు. ఈ ఉత్తరం మీ ఒక్కరికే, చదివి చించెయ్యండి.

మేం పోట్లాడుకోలేదు. ఆయన గొంతు పోయింది. జనవరి రెండో వారంలో, వాక్యం చెబుతుండగా మధ్యలో, కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. పెద్దాస్పత్రికి తీసుకెళ్లాం. గొంతులో చిన్న చిన్న కాయలున్నాయి, ఆరు నెలలు గుసగుస కూడా ఆడకూడదు, అప్పటికీ తిరిగి వస్తుందో రాదో చెప్పలేం అన్నారు. గొంతు లేని పాస్టరును కమిటీ ఇక్కడ ఎందుకుంచుతుంది? అందుకే దాచాను. టేప్ రికార్డరు బాగానే ఉంది. ఆయన మటుకు పిల్లల లెక్కలు దిద్దుతూ, వ్యాను నడుపుతూ, ఆ బెంచీలు మోస్తూ ఉన్నారు. రాత్రి పలక మీద "నేను దండగ" అని రాసి, నేను చూసేలోపు తుడిచేశారు.

ఇంకోటి కూడా చెప్పాలి. కోప్పడకండి.

ఆ తర్వాతి ఆదివారం నేనే నిలబడాల్సి వచ్చింది. పధ్నాలుగుమంది కూర్చుని ఉన్నారు. వాక్యం చదివాను. ఇక ఏం చెప్పాలో తోచలేదు. బైబిలులో గుర్తుకి పెట్టుకున్న కాగితం మీ ఉత్తరమే. మీరూ మన చర్చిలో గంట కొట్టే తాతా ఒక కుర్చీ గురించి పదకొండేళ్లు పలకరించుకోకుండా ఉండి, ఆయన ఆస్పత్రిలో పడితే మీరు ఆ కుర్చీనే మోసుకెళ్లి మంచం పక్కన వేసుకుని కూర్చున్నారే, అది. దాన్నే వీళ్ల భాషలో చెప్పాను. బయటికి వెళ్తూ చెప్పులు కుట్టే ఆయన, "మరి ఇప్పుడు ఆ కుర్చీ ఎవరింట్లో ఉంది?" అన్నాడు. వచ్చే వారం చెబుతానన్నాను. ఆ మరుసటి వారం ఎదురింట్లో ఉండే తమ్ముణ్ణి వెంటబెట్టుకు వచ్చాడు. ఆరేళ్లుగా వాళ్లకు మాటల్లేవు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం మీ ఉత్తరాలే. మీ పాత ఉత్తరాల పెట్టె కూడా తీశాను. ఇప్పుడు యాభై ముగ్గురు వస్తున్నారు.

మొన్నటిది ముందుగా చదువుకునే తీరిక దొరకలేదు. మీ మొదటి పేజీ ఎప్పుడూ కన్నూ కాలువే కదా అని రెండో పేజీనుంచి మొదలుపెట్టాను. "నీ మొగుడు నీతో మాట్లాడటం లేదని నాకు తెలిసిపోయింది" అని అందరి ముందూ చదివాక తెలిసింది. ఇక ఆపినా లాభం లేదని చివరిదాకా చదివేశాను. ముందు వరసలో ఆయన భుజాలు కుదిపి కుదిపి, చప్పుడు లేకుండా, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. మూడు నెలల్లో ఆయన నవ్వడం అదే మొదలు.

కమిటీకి చెప్పకండి పెదనాన్నా.

ఇట్లు,
బుజ్జమ్మ

తా.క. ఇక్కడ సంఘం రెండుగా చీలింది. ఆడవాళ్లంతా నలభై మూడు వైపు.


ఏప్రిల్ 29

బుజ్జమ్మకు,

నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. కమిటీ పనికి సంబంధించి ఎవరికి వచ్చిన ఉత్తరమైనా పూర్తిగా చదివి వినిపించాలని నియమం. ఆ నియమం రాసింది నేనే. ఎంత కట్టుదిట్టంగా రాశానో అని అప్పట్లో మురిసిపోయాను.

దాచితే అబద్ధం, చదివితే మీరు ఇంటికి. అల్లుడి గొంతు తలుచుకుంటే ఒక బాధ. యాభై ముగ్గురి ముందు నా బతుకు తలుచుకుంటే ఇంకో బాధ. ఏమేం చదివావు? నా కట్టుడు పళ్లు ఇంకొకరి గ్లాసులో దొరికిన సంగతి కూడా చదివావా? వెంటనే జవాబు రాయి.

ఇట్లు,
పెదనాన్న

తా.క. నీ ఉత్తరం చించేద్దామని రెండుసార్లు తీశాను. రెండుసార్లూ ఏదో అక్షరదోషం కనిపించి, దిద్ది, మళ్లీ లోపల పెట్టాను.


మే 18

పూజ్యులు పెదనాన్నగారికి,

రెండే ముక్కలు. వరండాలో పదకొండుమంది ఉన్నారు.

కమిటీ సంగతి సంఘానికి చెప్పేశాను. దాచి దాచి విసుగొచ్చింది. కళ్లజోళ్లు అమ్మే ఆవిడ లేచి, "ఆ సభ్యుడు ఎవరు? పెద్దాయనకు శత్రువా?" అంది. పేరు తెలియదన్నాను. "పేరు దేవుడికి తెలుసుగా" అని, ఆ సభ్యుడి మనసు మారాలని పదిహేడుమంది ప్రతి శుక్రవారం అన్నం మానేస్తున్నారు. వాళ్లలో ఇద్దరికి నేనే బలానికి మందిస్తున్నాను.

మీకు న్యాయమనిపించింది చేయండి.

ఇట్లు,
బుజ్జమ్మ

తా.క. పళ్ల సంగతి ఫిబ్రవరిలోనే చదివాను. మళ్లీ చదవమని అడుగుతున్నారు.


జూన్ 21

చిరంజీవి బుజ్జమ్మకు,

ఫలితం ముందే చెబితే మిగతాది వదిలేస్తావు, నీ అలవాటు తెలిసింది. కాబట్టి వరసగా చదువు.

ఆ సభ్యుణ్ణి నేనే.

నాలుగేళ్ల పిల్లవి మా ఇంటికి వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను. ఒళ్లు కాలిపోతున్నా "నాకేం లేదు పెదనాన్నా" అనేదానివి. మూడేళ్లుగా ప్రతి ఉత్తరంలోనూ నాకేం లేదు అంటుంటే నాకు ఇంకేం తోస్తుంది? పిలిపిస్తే చెయ్యి పట్టుకుని చూడొచ్చు అనుకున్నాను. నా దిగులు తీరడానికి నీ వరండా మూయించబోయాను. ముక్కూ మొహం ఎరగని పదిహేడుమంది నా మనసు మారాలని అన్నం మానేశారని చదివిన పూట, వాళ్ల కంచాల్లోది నేను తింటున్నట్టే అనిపించింది.

నిన్న కమిటీలో నీ ఉత్తరాలు మొదటినుంచి చివరిదాకా చదివాను, "చదివి చించెయ్యండి"తో సహా.

"మరి చించలేదేం?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ అమ్మగారు.

"దిద్దాల్సి వచ్చిందండీ."

మందుల షాపాయన లేచాడు. "క్యాసెట్ లేదు, గొంతు లేదు. పిలిపించమన్నది ఎవరయ్యా అంటే ఈయనే. ఇప్పుడు వద్దంటున్నదెవరయ్యా అంటే ఈయనే."

"అవునండీ, ఇద్దరూ నేనే" అన్నాను.

"అయితే ముందు మీరిద్దరూ బయటికి వెళ్లి ఒక మాట మీదికి రండి" అన్నారు అమ్మగారు.

నిజంగానే బయటికి వెళ్లి, మెట్ల మీద కాసేపు నిలబడి, లోపలికి వచ్చి తీర్మానం వెనక్కి తీసుకున్నాను. మీరు ఎక్కడికీ రానక్కర్లేదు. అల్లుడి గొంతు వచ్చినా రాకపోయినా. ఈ మాట పలక మీద పెద్దక్షరాలతో రాసి అతనికి చూపించు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. అమ్మగారు కళ్లజోడు సర్దుకుని, ఆ పిల్ల అన్నీ ఒక్కతే మోయలేదు, ఆదివారాల పనికి ఎవరినైనా మూడు నెలలు పంపాలి, ముందస్తు తయారీ లేకుండా ఎంతసేపైనా మాట్లాడగలవాడు కావాలి అన్నారు. గదిలో అందరూ నావైపు తిరిగారు. ఈ కమిటీలో ఏకగ్రీవం నేనెప్పుడూ చూడలేదు. నిన్న చూశాను. ఇద్దరు రెండు చేతులూ ఎత్తారు. నాలుగు నెలలుగా నాతో మాట్లాడని మందుల షాపాయన, "మూడే ఎందుకు, ఆరు చేద్దాం" అన్నాడు.

బుజ్జమ్మా, నేను ఇంతవరకు ఎక్కిన ఎత్తు అచ్చాఫీసు మేడ. విమానమంటే ఇప్పటినుంచే చెమటలు పడుతున్నాయి. కన్ను ఆపరేషన్ అయ్యాకే పంపుతారట. దానికీ ఒప్పుకున్నాను. మీ పెద్దమ్మ కూడా వస్తోంది. నన్ను ఒక్కణ్ణే పంపితే అక్కడివాళ్లకు ఒక వైపు కథే తెలుస్తుందట.

ఇట్లు,
పెట్టె సర్దుకుంటున్న పెదనాన్న

తా.క. ఆ సభ్యుడు ఎవరో నువ్వు వాళ్లకు చెప్పకు. మొదటి ఆదివారం నేనే నిలబడి చెబుతాను. నువ్వు పక్కనుండి వాళ్ల భాషలో ఉన్నది ఉన్నట్టు చెప్పు, నామీద జాలిపడి ఎక్కడా మెత్తబరచకు. అది విన్నాక కూడా ఎవరైనా కూర్చుని ఉంటే, రెండో ఆదివారం సంగతి అప్పుడు చూసుకుందాం.