ఒక్క షార్ట్‌కట్ కూడా చేర్చం

మార్చి 3, సోమవారం
ఉదయం 9:20. మా భాష పనిచేసింది! నేనూ సోడాబుడ్డీ కలిసి కట్టిన బుల్లి ప్రోగ్రామింగ్ భాష. (సోడాబుడ్డి నా జోడీ. కళ్లద్దాల మందం వల్ల ఆ పేరు.) "మార్కులు ముప్పై అయిదుకి తక్కువైతే పేరు చూపించు" అని రాశాం. చూపించింది. మొదటి పేరు నాదే. అయినా ఆనందం!

మా కంప్యూటర్ మేడం షరతు: శనివారం ఒకరు రాసిన ప్రోగ్రాం రెండోవాళ్లు చదివి అర్థం చెప్పాలి. చెప్పలేకపోతే ప్రాజెక్టు ఫెయిల్. ఏడాదంతా మళ్లీ.

అందుకే శపథం: భాషలో ఇక ఒక్క షార్ట్‌కట్ కూడా చేర్చం. ఇద్దరం సంతకం పెట్టాం. శపథం! ఎంత బరువైన మాట. రెండుసార్లు రాసుకున్నాను.

మార్చి 4, మంగళవారం
"చూపించు" అని నలభైసార్లు కొట్టాను. వేళ్లు పీకుతున్నాయి.
"ఒరేయ్, దాని బదులు ఆశ్చర్యార్థకం పెడితే కొంపలు మునుగుతాయా?" అన్నాడు సోడా.
"శపథం రా!"
"చేర్చట్లేదురా బాబూ, అక్షరాలు తగ్గిస్తున్నాం."
గంటన్నర వాదించుకున్నాం. తగ్గించడం చేర్చడం కిందికి రాదని తేలింది. న్యాయంగానే ఉంది.

మార్చి 5, బుధవారం
ప్రశ్నార్థకం కూడా. రెండు చుక్కలు కూడా. దీన్ని క్లుప్తత అంటారు. శపథం కింద "క్లుప్తత మినహా" అని చిన్న అక్షరాలతో రాశాం.
నర్సు ఉద్యోగం చేసే మా అక్క నా స్క్రీన్ చూసింది. "ఏంట్రా ఇది, చీమలు పాకినట్టు? మా డాక్టర్ల చీటీలే నయం."
అక్కకేం తెలుసు!

మార్చి 6, గురువారం
ఒకే పనికి సోడాకి మూడు చుక్కలు కావాలి, నాకు వంకర గీత. ఎవరూ తగ్గలేదు. రెండూ ఉంచాం.

మార్చి 7, శుక్రవారం
నాకు చెప్పకుండా నాలుగు చేర్చాడు. ద్రోహి!
(నావి ఏడు. వాడికింకా తెలీదు.)

మార్చి 8, శనివారం
ఉదయం 10:00. సోడా ప్రోగ్రాం నా ముందు పెట్టారు. ఒకటే వరుస: మా<35?...పే!..
"చదువు నాయనా," అన్నారు మేడం.
"మా... తక్కువ... పే..."
"గొంతు బాగోలేదా?"
సోడా నా ప్రోగ్రాం చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.
"మీ భాష మీకే రాకపోతే ఎవరికి నేర్పుదామని?" అన్నారు మేడం. " సోమవారం ఇంకొక్క అవకాశం. అదే ఆఖరు."

సాయంత్రం 5:00. కొత్త శపథం. ఈసారి మినహాయింపుల్లేవు. రేపు ఉదయం ఆరింటికల్లా షార్ట్‌కట్లన్నీ పీకేయాలి. మొత్తం పదహారు. ఒక్కొక్కటీ పీకుతూ కూర్చుంటే తెమలదు కాబట్టి, అన్నింటినీ ఒక్క దెబ్బకి పీకే గుర్తు ఒకటి ముందుగా చేర్చాలి. సోడా ఒప్పుకున్నాడు. అది చుక్కా, గీతా అన్నది రేపు ఐదున్నరకే కూర్చుని తేల్చుకుంటాం.