ఖాళీ తండాలో గంట

దేవరుప్పుల,
రాఖీ పున్నమి తర్వాతి శనివారం

ప్రియమైన తమ్ముడు మహిపాల్‌కు అక్క ఆశీస్సులు.

భూపాలపల్లికి క్షేమంగా చేరావని దీక్షిత చెప్పింది. నా బిడ్డతో ఫోన్లో మాట్లాడినవాడివి నాతోనూ మాట్లాడొచ్చు. కాని ఫోన్లో నీ గొంతు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. కాగితం మీద మనిషి అంత తేలిగ్గా నవ్వలేడు. అందుకే రాస్తున్నాను.

రాఖీ కట్టినాక నువ్వు వినిపించిన చప్పుళ్లు ఇంకా చెవిలోనే ఉన్నాయి. నువ్వు పాఠాలు చెప్పే తండా బడి గంట. కోడి కూత. ఒక పిల్లవాడి దగ్గు. ఆ వెంట ప్రార్థన. "ఇదేం సదువు తమ్మీ? పలక మీద రాసుడు పాయె, గంటలు ఇనుడు వచ్చెనా?" అని నేను నవ్వితే నువ్వు నవ్వలేదు. జపాన్‌లో ఒక కొండ ఊరి బడి, మీ బడి ప్రతి శనివారం తమ ఊరి చప్పుళ్లు పంపుకుంటాయని చెప్పావు. పిల్లలు కళ్లు మూసుకొని విని, విన్నదాన్ని బొమ్మ గీసి ప్రపంచ పటం పక్కన అంటిస్తారన్నావు. అక్కడ మంచులో నడిచే చప్పుడు వినిపిస్తే సోని అనే పిల్ల "ఎవలో పేలాలు నములుతున్నరు సార్" అన్నదట. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఒక్కటే అడుగుతాను. ఎండాకాలంలో బొగ్గు బాయి మీ తండా అంచుదాకా వచ్చిందని, ఇళ్లు ఖాళీ చేయిస్తున్నారని విన్నాను. మరి బడి ఎక్కడ నడుస్తోంది?

దేవుడి ముందు నీ పేరున దీపం పెట్టాను.

నీ అక్క
సరోజన

*

భూపాలపల్లి

అక్కకు మహిపాల్ నమస్కారాలు.

బడికేం అక్కా, గంట రోజూ మోగుతూనే ఉంది. ఇక్కడంతా బాయి దుమ్ము. ఇస్త్రీ చొక్కా మధ్యాహ్నానికి బూడిద రంగు అవుతుంది.

ఒక తమాషా విను. జపాన్ పిల్లలు "ఆ దగ్గే అబ్బాయికి ఇంకా నయం కాలేదా?" అని అడిగారు. ఎండబెట్టిన నారింజ తొక్కలు పోస్టులో పంపారు, వేడినీళ్లలో వేసి తాగించాలట. వాడి పేరు సక్రు, లింగ్యా కొడుకు. వానకాలం కదా, తగ్గిపోతుంది.

వాళ్ల పంతులమ్మ ఇంకో మాట రాసింది. వాళ్ల బడిలో ఇప్పుడు మిగిలింది ఇద్దరే పిల్లలు. ఆ ఇద్దరూ వెళ్లిపోతే బడి మూసేస్తారు. ఆ రోజు ఊరంతా వచ్చి కూర్చుంటుందట. మొదటినుంచి ఆ బడిలో చదివినవాళ్లందరి పేర్లూ పిలుస్తారు, చనిపోయినవాళ్లవి కూడా. ఆ తర్వాతే గంట దింపుతారు. మన దగ్గరయితే ఎవరో వచ్చి తాళం వేసి పోతారు.

చనిపోయినవాళ్ల పేరు పిలిచినప్పుడు ఎవరు పలుకుతారో రాయలేదు. అడగాలి.

నీ తమ్ముడు
మహిపాల్

*

దేవరుప్పుల,
వినాయక నిమజ్జనం మర్నాడు

ప్రియమైన తమ్మీ,

ఎక్కడ నడుస్తోందని అడిగితే గంట మోగుతోందని రాశావు.

ఈ నెల నువ్వు దీక్షిత ఫోన్‌కు పంపిన చప్పుళ్లు ఆమె వరసగా వినిపించింది. ఆమెకు ఏమీ అనిపించలేదు. నేను రోజూ జపం చేసేదాన్ని. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తే నాకు తెలుస్తుంది. ప్రతి వారం అదే కోడి. గంట ఆగీ ఆగకముందే అదే దగ్గు. ప్రార్థనలో అదే చోట ఒక పిల్ల నవ్వు ఆపుకుంటుంది. గంట ఒక్కటే మారుతోంది. వారం వారం ఇంకా గట్టిగా మోగుతోంది.

ఆ సక్రు ఉన్నాడా తమ్మీ?

ఉన్నది ఉన్నట్టు రాయి.

అక్క

*

దేవరుప్పుల

తమ్మీ,

బతుకమ్మ పండుగ పోయింది. దసరా పోయింది. జమ్మి ఆకు చేతిలో పెడదామంటే నువ్వు రాలేదు. ఉత్తరమూ రాలేదు.

నేను కోపంతో లేను. ఎదురుచూస్తున్నాను.

సరోజన

*

భూపాలపల్లి

అక్కా,

తండాలో ఎవరూ లేరు. వేసవిలోనే అందరినీ వాగు అవతలి కాలనీకి పంపారు. ఇళ్ల పైకప్పులు తీసేశారు. బడి ఒక్కటే మిగిలింది, దాని వంతు ఇంకా రాలేదు. నన్ను మండల బడిలో వేశారు.

వెళ్లేనాడు సక్రు ట్రాక్టర్ మీంచి అరిచాడు. "సార్, మీరు గంట కొట్టుర్రి, ఇనవడ్తది. మేం వాగు దాటి వస్తం!"

అందుకే కొడుతున్నాను. మండల బడికి పోయేముందు పొద్దున ఒకసారి, వచ్చేటప్పుడు సాయంత్రం ఒకసారి. ఆదివారమూ మానను. గుమ్మంలో కాసేపు నిలబడతాను. ఒక్కరు రాలేదు. కాలనీలో కొత్త బడి పెడతామన్నారు కదా, అందులో కలిసిపోయి ఉంటారు. అక్కడికి పోయి "నన్ను మరిచిపోయిన్రా?" అని పిల్లల్ని ఎట్లా అడగను?

జపాన్ పిల్లలకు చెప్పలేకపోయాను. పాత గొంతులకు కొత్త గంట అతికించి పంపుతున్నాను. ఒక్కోసారి ఖాళీ గదిలో గంట ఆగగానే నాకు ఆ దగ్గు వినిపిస్తుంది. ఫోన్ జేబులోనే ఉంటుంది, ఆపేసే ఉంటుంది.

సక్రు ఉన్నాడో లేడో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే భయం.

మహిపాల్

*

వాగు అవతలి కాలనీ,
కార్తీక సోమవారం, పొద్దున

నా ప్రియమైన తమ్మీ,

నిన్న దీక్షితను వెంటబెట్టుకొని జనగామలో బస్సెక్కి ఇక్కడికి వచ్చాను. నీకు చెప్పలేదు. చెబితే వద్దనేవాడివి.

ఇక్కడ బడి లేదు. మండల బడికి పోదామంటే బస్సు లేదు. పిల్లలు మేకల వెంట తిరుగుతున్నారు. లింగ్యా ఇంట్లో దిగాను. అతని తల్లి జొన్న రొట్టె పెట్టింది. సక్రు ఏడని అడగబోయాను. అంతలోనే నీ సాయంత్రం గంట మోగింది.

తమ్మీ, వాడకట్టంతా లేచి పిల్లల్ని రెక్క పట్టి లోపలికి లాగింది. తలుపులు మూసుకున్నాయి. ఆ గంట కొట్టేది నువ్వేనని తెలిసి కూడా నేను దీక్షితను దగ్గరికి లాక్కున్నాను.

"గా గంట మనం తండల ఇడిసి వచ్చిన సచ్చిన పెద్దలు కొడుతున్నరు. పొలగాండ్లను పిలుస్తున్నరు. వాగు దాటితె కాళ్లు ఇరగ్గొడ్త అని చెప్పిన" అన్నది ముసలామె.

"పెద్దలు కాదు, సారు" అన్నాను.

"సారెక్కడున్నడు? బదిలై పాయె గద!"

"పోలేదవ్వా. ఆయన నా తమ్ముడు. మీ పిల్లల కోసమే కొడుతున్నడు."

ముసలామె లేచి తలుపు గడియ తీసింది. తర్వాత అన్నది. "మనిషైతె మనుషులున్న కాడ కొట్టాలె గద బిడ్డా."

ఆ మాటకు జవాబు నీకు దొరికితే రాయి.

నువ్వు పిలిచే కొద్దీ వాళ్లు భయపడ్డారు. వాళ్లు రాని కొద్దీ నువ్వు గట్టిగా కొట్టావు. తప్పు ఎవరిదీ అనను. ఆ తండాలో దయ్యమై తిరిగింది మాత్రం నువ్వే. ఇక చాలు.

వచ్చే శనివారం వీళ్లంతా వాగు దాటి వస్తామన్నారు. ఆ జపాన్ ఊరివాళ్లలాగే చదివినవాళ్లందరి పేర్లు పిలువు. పోయినవాళ్ల పేరు వస్తే వాళ్ల ఇంటివాళ్లు పలుకుతారట, ముసలామె చెప్పింది. అది ఉన్నది ఉన్నట్టు ఆ పిల్లలకు పంపు. తర్వాత గంట దింపుకొని ఇక్కడికి రా. రేకుల షెడ్డు ఒకటి ఉంది. పొద్దున పిల్లల్ని అందులో కూర్చోబెట్టు. బస్సు కోసం లింగ్యా, నువ్వు కలిసి మండల ఆఫీసుకు పోండి.

ఇది రాస్తుండగానే నీ పొద్దుటి గంట మోగింది. ఈసారి తలుపులు మూసుకోలేదు. లింగ్యా చెప్పులు వేసుకుంటున్నాడు. ఈ కాగితం మడిచి పక్కనున్న పిల్లవాడి చేతికిస్తున్నాను. తండ్రితో కలిసి వాగు దాటి తెస్తాడు.

చదవడం అయిపోతే తల ఎత్తి చూడు. గుమ్మంలో నిలబడ్డవాడు కొంచెం పొడుగయ్యాడు. దగ్గు ఎప్పుడో పోయింది.

భయపడకు. పేరు పెట్టి పిలువు, పలుకుతాడు.

నీ అక్క
సరోజన