బల్ల కింద చిన్నమ్మ

3 నవంబర్ 2025, సోమవారం

ఈ రోజు నుంచి రాయాలి. కారణం ఒక్కటే. పగలంతా టింకు గొంతుతో మాట్లాడతాను. సాయంత్రం రూముకు వస్తే నా గొంతుతో మాట్లాడటానికి ఎవరూ లేరు. నిన్న కొట్లో సబ్బు అడిగితే నోట్లోంచి టింకు గొంతే వచ్చింది. కొట్టాయన చుట్టూ చూశాడు.

టింకు గొర్రెపిల్ల బొమ్మ. అనంతపురం లోకల్ కేబుల్ టీవీలో రోజూ సాయంత్రం చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. నేను బల్ల కింద వెల్లకిలా పడుకుని, లోపల చెయ్యి పెట్టి ఆడిస్తాను. మాటలూ నావే. మా ఇంట్లో మొదట బడికి పోయినదాన్ని నేనే. నా మొదటి ఉద్యోగం ఇది.

5 నవంబర్

నాయన ఊళ్ళో వీధి వీధంతా టీవీ ముందు కూర్చోబెట్టాడట, మా జాయ్ వస్తాది చూడండప్పా అని. అయిపోయాక ఫోన్ చేసి, ఏమ్మా, గొర్రెపిల్ల ఒకటే కనపడె, నువ్వు యాడుండావు అన్నాడు. బల్ల కింద అన్నాను. వెనక నుంచి అమ్మ, ఇన్నేండ్లు చదివి బల్ల కింద పండుకునే ఉద్యోగమా తల్లీ, ఆ పండుకునేదేదో ఈడనే పండుకోకూడదా అంది. ఎవరో పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

మా రూతక్క కూతురు ఎస్తేరుకు ఆరేళ్ళు. బావ పోయాక అక్క కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళింది. పిల్ల అమ్మా నాయనల దగ్గరే ఉంటుంది. బొమ్మ లోపల చిన్నమ్మ చెయ్యి ఉందంటే నమ్మలేదట. అది నిజం గొర్రెపిల్లేనంట. చిన్నమ్మ దాన్ని మేపే పనికి పోయిందంట, తాత గొర్రెలు మేపలేదా అట్లనే అంట. ఫోన్ లాక్కుని, దానికి మేతకు శెనక్కట్టె వేస్తాండావా లేదా అని నన్ను గద్దించింది. వేస్తున్నానన్నాను. అయితే ఫోన్ దానికియ్యి అంది.

ఇచ్చాను.

9 నవంబర్, ఆదివారం

నేనూ అంతే. చిన్నప్పుడు మా ఊళ్ళో గంగాధరప్ప వాళ్ళింటి కిటికీ బయట నిలబడి టీవీ చూసేదాన్ని. అందులో ఒక ముసలి కోతి బొమ్మ కథలు చెప్పేది. అది మనల్ని చూస్తుందని నా నమ్మకం. దాని కోసం ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వెళ్ళేదాన్ని. లోపల కూర్చున్నవాళ్ళు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆ ఇంట్లో నా వైపు చూసేది కోతి ఒక్కటే.

11 నవంబర్

ఎస్తేరు రోజూ ఫోన్ చేస్తోంది. హలో అంటే, టింకు లేదా అంటుంది.

14 నవంబర్, శుక్రవారం

అక్క ఈ వారం కూడా ఫోన్ చేయలేదు. శుక్రవారాలే వాళ్ళ మేడమ్ ఫోన్ ఇచ్చేది. నేను చేస్తే రింగవుతుంది. ఎత్తరు.

16 నవంబర్, ఆదివారం

ఎస్తేరు అన్నం ముట్టడం లేదట. మధ్యాహ్నం ఫోన్ చేసి టింకును పిలిచింది. నువ్వు అందరి టీవీల్లోకీ పోతావు కదా, మాయమ్మ పని చేసే ఇంట్లోనూ టీవీ ఉండాది, ఆడికి పోయి మాయమ్మ ఏం చేస్తాందో చూసి చెప్పు అంది.

చిన్నమ్మనైతే తెలియదని చెప్పేదాన్ని. టింకుకు తెలియదని ఎలా చెప్పను? చూసొచ్చినా, పచ్చ చీర కట్టుకుని రొట్టెలు చేస్తాంది, బాగుండాది, నవ్వతాంది అన్నాను. నిజమేనా అంది. నిజమే అంది టింకు.

19 నవంబర్

పిల్ల కడుపునిండా తింటోందట. ఏం మందేసినావే అని అమ్మ సంబరంగా అడిగింది. నేను తిన్నానా అని అడగలేదు.

21 నవంబర్, శుక్రవారం

అక్క ఇంటికి వీడియో కాల్ చేసింది, తర్వాత నాకు. కుడి చేతికి మోచెయ్యి దాకా కట్టు. కాగే నూనె మీద పడిందట. ఇన్నాళ్ళూ ఆసుపత్రిలో ఉందట. నయమవుతాంది, మీరు భయపడొద్దండి అంది. కట్టు కనపడకుండా దాచుకోవాలనుకుందట కానీ ఎస్తేరు ముందే చూసేసిందట.

22 నవంబర్

ఎస్తేరు ఫోన్ రాలేదు.

23 నవంబర్, ఆదివారం

నేనే చేశాను. అమ్మ పడీ పడీ నవ్వుతూ చెప్పింది. బడిలో గిరిగాడు, అది ఉత్త బొమ్మే లేవే అని ఏడిపిస్తే ఎస్తేరు వాడి మీదికి పోయిందట. బొమ్మయితే అబద్ధమెట్ల చెప్తాదిరా, నా గుడ్డబొమ్మ ఒక్కనాడన్నా చెప్పిందా, టింకుకు ప్రాణముండాది, అందుకే చెప్పింది, మాయమ్మ చెయ్యి కాలింది చూసి కూడా నాకు చెప్పలేదు, ఇంక దాంతో మాట్లాడను అందట.

చిన్నమ్మతో మాట్లాడుతుందేమో అడగమన్నాను. అమ్మ అడిగింది. జవాబు నేరుగా నాకే వినపడింది. చిన్నమ్మతో ఏం పని అంది.

25 నవంబర్

స్టూడియో నడిపే వీరేషన్న పిలిచి చెప్పాడు. వచ్చే నెల నుంచి కంప్యూటర్ బొమ్మతో పాఠాలట. శనివారం టింకు చివరి షూటింగ్. తర్వాత అట్టపెట్టెలో పెట్టేస్తారు. నీకు ఆఫీసులో పని చూస్తాలేమ్మా, ఈసారి కుర్చీలో కూర్చునే పనేలే అన్నాడు.

ఈ నాలుగు రోజుల్లో టింకు గొంతుతో ఒక్కసారి తప్పయిపోయిందంటే చాలు, ఎస్తేరు కరిగిపోతుంది. చాలా తేలిక. రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

26 నవంబర్

రేపు నాయన ఫోన్‌కు వాయిస్ మెసేజ్ పెడతాను. తడబడకుండా ముందే రాసుకుంటున్నాను. టింకు పెట్టెలోకి పోయాక వేరే దారి లేక కాదు, అది ఉండగానే పిల్ల నాతో మాట్లాడాలి.

ఎస్తేరూ, నేను చిన్నమ్మను. నా గొంతు ఇట్లుంటాది. మీయమ్మను టింకు చూడలేదు, నేనూ చూడలేదు. నాకు భయమేసి, బాగుండాదని చెప్పినా. అబద్ధం నాది. శనివారం, ఇరవై తొమ్మిదో తేదీ లోపల తాతతో ఫోన్ చేయించు. టింకుకియ్యమని అడగొద్దు. తిట్టేదుంటే నన్నే తిట్టు.

ఇరవై తొమ్మిది లోపల చెయ్యి.