తేలిక రాకెట్

జహీరాబాద్, 1963. శనివారం రాత్రి.

ఈ రోజు ఆయనతో హైదరాబాద్ వెళ్లి టెన్నిస్ రాకెట్ కొనుక్కొచ్చాం. ఆఫీసర్ల క్లబ్బులో ఆడటానికి ఆయనకు సొంతది కావాలి. "కాలేజీల ఆడినవు కదా, నువ్వే చూడు" అన్నారు.

ఆయన వెనక గీత దగ్గరే నిలబడి బలంగా కొడతారు. అందుకని తల వైపు బరువున్న రాకెట్ ఎంచాను. పిడి ఆయన చేతిలో చక్కగా అమరింది. తర్వాత ఊరికే ఇంకొకటి పట్టుకున్నాను. అది తేలికైనది, నెట్ దగ్గరికి ఉరికి ఆడేవాళ్లది. నేను అట్లాగే ఆడేదాన్ని. ఒక్కసారి గాలిలో ఊపి చూడగానే పెళ్లికి ముందటి భుజం మేల్కొన్నట్టయింది.

"గిది ఎవరికమ్మా?" అని దుకాణం ముసలాయన అడిగాడు.

"ఎవరికీ కాదు" అని గోడకు తగిలించేశాను.

తిరుగు బస్సులో ఆయన కొత్త రాకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సదాశివపేట దాటాక అన్నారు: "గా అల్కటి రాకెట్ నీకు మస్తు నచ్చింది కదా?"

"నచ్చితే ఏం చేస్తం? క్లబ్బుల ఆడోళ్లు ఎవ్వరు ఆడరు."

"ఆడకుంటే ఏమాయె? నువ్వు అడుగుతవేమోనని చూసిన."

నేనేమో ఆయన అడుగుతారేమోనని ఎదురుచూశాను. ఇద్దరం అట్లాగే దుకాణం మెట్లు దిగి వచ్చేశాం.

ఆయన నిద్రపోయారు. పెళ్లయినప్పటి నుంచి నాకోసం ఏదీ అడిగినట్టు గుర్తులేదు. పొద్దున్నే అడగాలి. "నాకు గా రాకెట్ కావాలె" అని ఇప్పుడే మెల్లగా పైకి అని చూశాను. నాకే సరిగా వినపడలేదు. మళ్లీ అన్నాను.